కాగు కింద పొగ

డిసెంబరు నెల. తెల్లవారుజాము అయిదున్నర. ధర్మవరం నుంచి పుట్టపర్తి పోయే బస్సు కొత్తచెరువు పొలిమేరకు వచ్చేసరికి హెడ్‌లైట్ల ముందు తెల్లటి తెరలాంటిదేదో అడ్డం పడుతుంది. నిద్రకళ్ళతో కిటికీలోంచి చూసే పరాయి ఊరి ప్రయాణికుడు ‘అబ్బ... ఎంత మంచో!’ అనుకుంటాడు. శాలువా ఇంకాస్త బిగించుకుంటాడు. కిటికీ అద్దం రెండు వేళ్ళ మందం జరిపితే చాలు, అసలు సంగతి తెలిసిపోతుంది. మంచుకు వాసన ఉండదు. దీనికి ఉంది. కాలిన కంపకట్టె వాసన, మాడిన వేరుశనగ పొట్టు వాసన, మధ్యమధ్యలో నిప్పు రాజుకోవడానికి వేసిన ప్లాస్టిక్ సంచి కంపు. రెండు నిమిషాల్లో కళ్ళు మండుతాయి. గొంతులో గరగర మొదలవుతుంది.

అది పొగ. ఊరంతా ఒకేసారి స్నానాలకు నీళ్ళు పెట్టుకున్న పొగ.

గాలి కాలుష్యం అనగానే మనకు ఢిల్లీ గుర్తొస్తుంది. నవంబరులో టీవీల్లో కనిపించే బూడిదరంగు ఇండియా గేటు, మాస్కులు కట్టుకున్న బడిపిల్లలు. చలికి ఇళ్ళు వెచ్చబెట్టుకునే ఊళ్ళ బాధ అదని, మనకేం సంబంధం లేదని అనుకుంటాం. మరీ ముఖ్యంగా అనంతపురం పీఠభూమి మీద ఎవరికి వస్తుంది ఆ అనుమానం? ఇక్కడ కరువు ఉంటుంది, ఎండ ఉంటుంది, దుమ్ము ఉంటుంది. ఫ్యాక్టరీల గొట్టాలు కనిపించవు. నేల ఏమిచ్చినా ఇవ్వకపోయినా గాలి మాత్రం మంచిదే ఇచ్చాడు దేవుడు అన్న ధీమా.

ఈ ధీమా పగటిపూట నిజమే. తెల్లవారుజామున కాదు.

చెరువు పేరే ఊరి పేరు

కొత్తచెరువు మండల కేంద్రం. పేరులోనే ఉంది చెరువు. వాన తక్కువైన సీమలో ఊరు పుట్టాలంటే ముందు చెరువు పుట్టాలి కదా. పక్కనే బుక్కపట్నం, దానికీ పెద్ద చెరువుంది. ఒకవైపు ధర్మవరం, ఇంకోవైపు పెనుకొండ, కూతవేటు దూరంలో పుట్టపర్తి. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విడదీసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా చేసినప్పుడు ఈ మండలం అందులోకి వెళ్ళింది. 2000 నవంబరులో మొదలైన శ్రీసత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వేస్టేషన్ కూడా ఇక్కడికి దగ్గరే. ఏటా నవంబరు 23న సత్యసాయి జయంతికి వచ్చే జనంతో ఈ దారులు కిటకిటలాడతాయి. ఆ సందడి సద్దుమణిగేసరికి చలి మొదలవుతుంది.

అనంతపురం చలి అంటే నవ్వేవాళ్ళున్నారు. కాశ్మీరుతో పోలిస్తే నవ్వాల్సిందే. కానీ ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండకు అలవాటుపడిన ఒంటికి పదిహేను డిగ్రీలు కూడా వణుకే. ఇళ్ళకు హీటర్లు, చిమ్నీలు ఉండవు. ఇల్లు వెచ్చబెట్టుకునే అలవాటు ఈ సీమలో లేదు. ఒళ్ళు వెచ్చబెట్టుకునే అలవాటే ఉంది. వీధి మలుపులో చలిమంట. ఇంట్లో వేణ్ణీళ్ళు.

ఆ వేణ్ణీళ్ళ కోసమే కాగు. పెరట్లోనో, వసారా చివరో, బచ్చలి పక్కనో మూడు రాళ్ళమీదో మట్టి పొయ్యిమీదో కూచుని ఉంటుంది. ఒకప్పుడు రాగిది. కూతురి కాపురానికి సారెలో పెట్టిన కాగులు నాయనమ్మల పేర్లతో సహా ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల అల్యూమినియం వచ్చింది. కాగు మారింది కానీ కింద మంట మారలేదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో కూడా పెరట్లో కాగు కింద కట్టెలే.

మబ్బు లేకపోవడమే మూత

కట్టెల పొయ్యిలు మే నెలలోనూ మండుతాయి. మరి అప్పుడు కనిపించని పొగ చలికాలంలోనే ఎందుకు ఊరిమీద పరుచుకుంటుంది?

ఇక్కడే ఈ పీఠభూమి తమాషా ఉంది. ఈశాన్య రుతుపవనాల మబ్బులు వెళ్ళిపోయాక డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం తుడిచినట్టుంటుంది. గాలిలో తేమ తక్కువ. రాత్రయ్యాక నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపుతుంది. లేదు కాబట్టి అంతా పోతుంది. తెల్లవారేసరికి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన ఉన్న గాలి మాత్రం కాస్త వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి. ఇక్కడ తలకిందులైంది. దీన్నే వాతావరణ శాస్త్రవేత్తలు ఉష్ణోగ్రత విలోమం అంటారు. పైన ఉన్న వెచ్చటి పొర కుండమీద మూతలా కూచుంటుంది. కాగు కింద నుంచి లేచిన పొగ కొంత ఎత్తుకు పోయి, దారి లేక అడ్డంగా పరుచుకుంటుంది. గాలీ వీచదు.

ఏ మబ్బు రాక ఈ సీమ ఎండిందో, ఆ మబ్బు లేకపోవడమే తెల్లవారుజామున పొగను కూడా కట్టిపడేస్తోంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ నేలకు తగిలి, నేల వేడెక్కి, గాలి కదిలాకగానీ మూత తెరుచుకోదు. అప్పటికి ఊళ్ళో స్నానాలు అయిపోయి ఉంటాయి.

ఇదే మూత 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద కూచుంది. చలికి ప్రతి ఇంట్లో బొగ్గు కాల్చారు. ఫ్యాక్టరీల పొగ తోడైంది. నాటకశాలలో ప్రేక్షకులకు వేదిక కనిపించక ప్రదర్శన ఆపేశారు. ఆ రోజుల్లో దాదాపు నాలుగువేల మంది అదనంగా చనిపోయారని మొదట లెక్కగట్టారు. తర్వాతి పరిశోధనల్లో ఆ సంఖ్య పన్నెండు వేల దాకా ఉండొచ్చని తేలింది. నాలుగేళ్ళకు, 1956లో, ఇళ్ళలో కాల్చే బొగ్గుమీద కూడా ఆంక్షలు పెడుతూ బ్రిటన్ చట్టం తెచ్చింది. లండన్‌తో కొత్తచెరువుకు పోలికేమిటి అనొచ్చు. నిజమే, పరిమాణంలో పోలిక లేదు. పద్ధతిలో ఉంది. చలి, మూత, ఇంటింటి పొయ్యి. ఆ మూడూ కలిస్తే చాలు.

1877లో వచ్చిన కట్టె

కాగు కింద ఏం మండుతుందో చూస్తే సీమ వ్యవసాయం మొత్తం కనిపిస్తుంది. వేరుశనగ కాయలు ఒలిచాక మిగిలిన పొట్టు. కంది కోశాక మిగిలిన కట్టె. పిడకలు. అన్నింటికంటే ఎక్కువగా కంప. సర్కారు తుమ్మ అంటారే, ఆ ముళ్ళచెట్టు. చెరువు కట్టలమీద, బీళ్ళలో, రైలుకట్ట పక్కన ఎక్కడ చూసినా అదే. నీళ్ళు పోయక్కర్లేదు, మేకలు ఆకు ముట్టవు, నరికితే మళ్ళీ రెట్టింపు చిగురిస్తుంది.

ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. మద్రాసు రాజధానిలో ఎండిపోయిన ప్రాంతాలకు వంటచెరకు కావాలని బెడ్డోమ్ అనే అటవీ అధికారి విత్తనాలు అడిగి తెప్పిస్తే, 1877లో వాటిని నాటింది మన పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురంలోనే. అంటే వంటచెరకు కోసమే పిలిపించిన చుట్టం. వచ్చిన పని నూటయాభై ఏళ్ళుగా తప్పకుండా చేస్తోంది.

ఎండిన కంప బాగానే మండుతుంది. చిక్కంతా పచ్చి కంపతోనే. కట్టెలో తడి ఉంటే మంట వేడిలో చాలాభాగం ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది. మంట చల్లబడితే కట్టె పూర్తిగా కాలదు. సగం కాలిన కట్టే పొగ. వేరుశనగ పొట్టుదీ అదే వరస. గుట్టగా పోస్తే లోపలికి గాలి ఆడక కుములుతుంది. ఊదుగొట్టంతో ఊదాలి. ఊదాలంటే వంగి, ముఖం పొయ్యి దగ్గర పెట్టి, బలంగా ఊపిరి తీసుకోవాలి. పొయ్యి దగ్గర తీసుకునే ఆ ఊపిరిలో ఏముంటుందో వేరే చెప్పాలా!

చెప్పాలి. ఎందుకంటే కంటికి కనిపించేది అసలు శత్రువు కాదు. కళ్ళు మండించే పొగలో పీఎం 2.5 అనే నలుసులుంటాయి. తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉండే నలుసులు. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తడి వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. అక్కడి నుంచి కొన్ని రక్తంలోకీ దిగుతాయి. ఘనపు మీటరు గాలిలో ఈ నలుసులు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశం 2009లో హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 5కు తగ్గించింది. కట్టెలపొయ్యి మండే ఇరుకు గదిలో ఆ సమయంలో ఇవి వందల్లో ఉంటాయి.

బీడీ తాగని దగ్గు

చలికాలం తెల్లవారుజామున ఈ వీధుల్లో పొగ తర్వాత వినిపించేది దగ్గు. ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్ళది. ‘దమ్ము’ అంటారు ఇక్కడ, ఆయాసాన్ని. ‘చలికాలం కదా, దమ్ము లేస్తుంది’ అని సరిపెట్టుకుంటారు. డాక్టరు దగ్గరికి పోతే మొదటి ప్రశ్న, బీడీ చుట్టా అలవాటుందా అని. ఉండదు. జీవితంలో ఒక్కటీ కాల్చి ఉండదు. కానీ పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచింది ఆవిడే. అందరికంటే ముందు లేచి పొయ్యి ముట్టించేదీ, అందరి స్నానాలూ అయ్యాక చివర్న మిగిలిన గోరువెచ్చని నీళ్ళతో సరిపెట్టుకునేదీ ఆవిడే.

ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు మెల్లగా ఇరుకైపోయే ఈ జబ్బును సీఓపీడీ అంటారు. పేద, మధ్యాదాయ దేశాల్లో పెద్దవాళ్ళలో సంభవించే సీఓపీడీ మరణాల్లో దాదాపు నాలుగింట ఒకటి ఇంటి పొగవల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంటి పొగ మొత్తంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మందిని బలి తీసుకుందనీ చెబుతోంది. చిత్రమేమిటంటే వారిలో చాలామంది పోయింది ఊపిరితిత్తుల జబ్బుతో కాదు, గుండెపోటు, పక్షవాతాలతో. హైదరాబాద్ శివారులోని 28 గ్రామాల్లో మూడువేల మందికి పైగా జనాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. నలుసులు ఎక్కువగా ఉన్న గాలి పీల్చేవారిలో మెడలోని రక్తనాళాల గోడలు మందమెక్కుతున్నట్టు, గాలి ఆడని చోట కట్టెలపొయ్యిమీద వండే ఆడవారిలోనూ ఆ ఛాయలున్నట్టు అందులో తేలింది. అంటే పొగ దగ్గుతో ఆగదు. మెడదాకా, గుండెదాకా పోతోంది.

దమ్ముకు డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే చాలా ఇళ్ళలో అది బీరువాలో ఉంటుంది. ‘ఆ గొట్టం అలవాటైతే ఇక వదలదు’ అన్న భయం. నిజానికి మాత్రలో కన్నా అందులో మందు తక్కువ, చేరాల్సిన చోటికే నేరుగా చేరుతుంది. ఇంకొక పొరపాటు కూడా ఉంది. రెండు వారాలు దాటిన దగ్గును పొగ మీదికో చలి మీదికో తోసేయకూడదు. క్షయ కావచ్చు. కళ్ళె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

బాలింత గదిలో

అయితే పెద్దల దగ్గుకన్నా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. అది ఇంట్లోపల, తలుపులు మూసిన గదిలో జరుగుతుంది.

చలికాలంలో కాన్పు అయితే బాలింతకు, బిడ్డకు గాలి తగలకూడదంటారు. కిటికీలు మూస్తారు. గుమ్మానికి దుప్పటి కడతారు. మంచం పక్కన, కొన్ని ఇళ్ళలో మంచం కిందే, కణకణలాడే నిప్పుల కుంపటి. బిడ్డకు స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టి, తల ఆరబెట్టడం మురిపెంగా చేసే తంతు. ఇందులో ఎవరి ప్రేమనూ తప్పుపట్టడానికి లేదు. వెచ్చదనం బిడ్డకు నిజంగానే కావాలి. పొగ అక్కర్లేదు.

పెద్దవాళ్ళు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్లు ఊపిరి తీస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ నలభై నుంచి అరవైసార్లు తీస్తుంది. అదే గదిలో, అదే పొగను అన్ని రెట్లు. అయిదేళ్ళలోపు పిల్లల్లో న్యుమోనియా ముప్పును ఇంటి పొగ దాదాపు రెట్టింపు చేస్తుంది. ఆ వయసులో న్యుమోనియా మరణాల్లో 44 శాతం దీని పద్దే. ఇక మూసిన గదిలో నిప్పులుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళూ మండవు. పొగ రావడం లేదు కదా, బొగ్గులే కదా అనుకోవడమే ప్రమాదం. రాత్రి నిద్రలోనే స్పృహ తప్పిస్తుంది.

బిడ్డను వెచ్చగా ఉంచే ఉపాయం మన ఆసుపత్రుల్లో నర్సమ్మలే చెబుతారు. తల్లి ఎదమీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి, పైన బట్ట కప్పి, తలకు టోపీ పెట్టడం. ఖర్చు లేదు, పొగ లేదు. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, ఏడాదిలోపు బిడ్డ యాభైకి మించినా, డొక్కలు లోపలికి ఎగరేస్తున్నా ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయకూడదు. ఊపిరిని గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కబెట్టడం ఏ అమ్మమ్మకైనా చేతనవుతుంది.

గ్యాస్ ఉండగా కట్టెలెందుకు?

పట్నం నుంచి వచ్చిన చుట్టాలు అడిగే ప్రశ్న ఇది. కాస్త వెటకారం కూడా ఉంటుంది అందులో. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పెట్టింది. 2024 నవంబరులో దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మరి ఇంకా ఈ పొగ ఏమిటి?

కాగితం పెన్సిలు తీసుకుని లెక్క వేస్తే తెలుస్తుంది. చలికాలంలో తొట్టిలో నీళ్ళు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. స్నానానికి నలభై కావాలి. మనిషికి ఒక బకెట్, అంటే పదిహేను లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో రోజుకు డెబ్బయి అయిదు లీటర్లు. గిన్నె చుట్టూ వృథాగా పోయే వేడి పోను, గ్యాస్ మీద కాస్తే రోజుకు పావుకిలోకు పైనే అయిపోతుంది. 14.2 కిలోల సిలిండర్ ఒట్టి స్నానాలకే యాభై రోజుల్లో ఖాళీ. ఇక వంటకు? ఉచితంగా వచ్చే మూడింటిలో ఒకటి చలికాలం స్నానాలకే నీళ్ళలా పోతుందన్నమాట. కంప అయితే కొట్టి తెచ్చుకునే ఓపికే ఖర్చు. రోజుకు రెండున్నర, మూడు కిలోల కట్టె. కాబట్టి ఇల్లాలు చేసే పని తెలివితక్కువ పని కాదు. గ్యాస్‌ను కూరకూ టీకీ దాచి, సంగటినీ నీళ్ళనూ కట్టెలకు వదిలేస్తుంది. ఆ పొదుపులో తన ఊపిరి ఖరీదును మాత్రం ఎవరూ కలపలేదు, తనూ కలుపుకోలేదు.

ప్రభుత్వాలూ కలపలేదు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి బాగాలేని నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, విజయవాడలతో పాటు అనంతపురం కూడా ఉంది. రోడ్ల దుమ్ము, వాహనాలు, చెత్త తగలబెట్టడం... వీటిమీద ప్రణాళికలు వేశారు. మంచిదే. కానీ ఆ జాబితా నగరాలది. కొత్తచెరువు లాంటి మండల కేంద్రాల తెల్లవారుజాము అందులోకి రాదు.

పొగను పూర్తిగా మాన్పించలేకపోయినా తగ్గించే దారులు పెరట్లోనే ఉన్నాయి. వేసవిలో కొట్టి, వానకు తడవకుండా కప్పిపెట్టిన కట్టెకూ నిన్న కొట్టిన కంపకూ పొగలో ఎంత తేడా ఉంటుందో పాతకాలం వాళ్ళను అడగాలి. మే నెలలోనే చలికాలం కట్టెలు పేర్చుకునేవారు వాళ్ళు. కాగుమీద మూత పెడితే నీళ్ళు తొందరగా కాగుతాయి, కట్టె మిగులుతుంది. నిప్పు రాజేయడానికి ప్లాస్టిక్ బదులు ఎండు కొబ్బరిపీచు. పొయ్యికి పొగగూడు. లేదా పొయ్యినే ఇంటి గోడకు దూరంగా, ఆరుబయటికి జరపడం. దమ్మున్న మనిషిని, చూలాలిని ఆ పొయ్యి దగ్గరికి పంపకపోవడం. మగవాళ్ళు ఒక్క వారం తెల్లవారుజామున లేచి ఆ పొయ్యి ఊదితే బహుశా పొగగూడు మరుసటి ఆదివారమే లేస్తుంది.

ఎండ ఉందిగా

ఈ జిల్లాలోనే కదిరికి అవతల నంబులపూలకుంట దగ్గర ఎండను పట్టి కరెంటు చేసే పలకలు కనుచూపు మేర పరిచారు. 2016కల్లా 250 మెగావాట్లు. ఎండకు ఇంత ధర పలుకుతుందని ఈ సీమ రైతు ఏనాడూ అనుకోలేదు. ఆ ఎండే, చలికాలంలో కూడా మబ్బు లేని ఆకాశం నుంచి కొత్తచెరువు మిద్దెలమీద ఉచితంగా పడుతోంది. కొత్తగా కట్టిన మిద్దెల్లో అక్కడక్కడా సోలార్ హీటరు కనిపిస్తుంది. మిగతా ఇళ్ళకు అది మొదట్లోనే పెద్దమొత్తం పెట్టాల్సిన వస్తువు. గ్యాస్‌కు పథకం ఉన్నట్టు దానికీ ఒక ఆసరా ఉంటే ఈ సీమకన్నా తగిన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

హీటరు లేని ఇళ్ళలో ఆదివారం పూట వేరే పద్ధతి ఉంది. తొందర లేని రోజు కదా. పొద్దున్నే బిందెలు, బకెట్లు మిద్దెమీద ఎండ తగిలేచోట వరసగా పెట్టేస్తారు. నల్లరంగు ప్లాస్టిక్ తొట్టి ఉంటే ఇంకా మేలు. మధ్యాహ్నం పన్నెండింటికి చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. పిల్లలను అక్కడే, ఎండలోనే నిలబెట్టి నలుగుపెట్టి పోస్తారు. కింద పెరట్లో కాగు ఆ పూటకు చల్లగా బోర్లించి ఉంటుంది, బయట మసితో, లోపల చింతపండు పెట్టి తోమిన మెరుపుతో.